ఇంటికప్పు చెప్పే లెక్క

తరతరాలుగా మన తెలుగు కుటుంబములు కాపురమున్న ఈ కడత్తూరులో ఇండ్ల మాట వచ్చినప్పుడు మూడు పేర్లు వినబడును. వీధిలో తమిళమున కూరై వీడు, ఓట్టు వీడు, మాడి వీడు అందురు. మన ఇండ్లలో పూరిల్లు, పెంకుటిల్లు, మిద్దె అనుకొందుము. భాష ఏదైనను మూడును కప్పును బట్టి వచ్చిన పేర్లే. గోడ సంగతి ఎవరును ఎత్తరు.

సర్కారు కూడ మొదట ఇట్లే లెక్కించినది. 1871లో చెన్నరాజధాని అంతటను జనాభా లెక్క తీసినప్పుడు ఇండ్లను మిద్దెలు, పెంకుటిండ్లు, పూరిండ్లు అని విభజించిరి. అప్పుడు మన ప్రాంతము సేలం జిల్లాలోనిది. ధర్మపురి వేరు జిల్లా అయినది 1965 అక్టోబరు 2న.

ఇప్పటి పద్ధతి వేరు. లెక్కకు వచ్చిన ఉద్యోగి "మీది పక్కా ఇల్లా, కచ్చా ఇల్లా?" అని అడుగడు. నేల దేనితో వేసినారు, గోడ దేనితో కట్టినారు, కప్పు దేనితో వేసినారు అని మూడు ప్రశ్నలు వేసి, ఆ సామగ్రిని మాత్రము గుర్తించుకొని పోవును. తరగతి కట్టుట తరువాత కచేరీలో జరిగే పని. గుమాస్తాగిరి చేసేవారము గనుక ఆ పని తీరు పాఠకులకు చెప్పవలెనని మాకు తోచినది.

సూత్రము చిన్నదే. గోడ, కప్పు రెండును గట్టి సామగ్రితో ఉన్నచో అది శాశ్వతమైన ఇల్లు. రెంటిలో ఒకటి మాత్రమే గట్టిదైనచో అర్ధశాశ్వతము. రెండును గట్టివి కానిచో తాత్కాలికము. నేలకు ఈ తరగతులలో చోటు లేదు. కాల్చిన ఇటుక గోడల మీద కొబ్బరాకు కప్పినది అర్ధశాశ్వతము. మట్టిగోడల మీద రేకులు వేసినదియు అర్ధశాశ్వతమే. మట్టిగోడ, పూరికప్పు కలిసినచో తాత్కాలికము. ఆ తాత్కాలికములోనే మరల రెండు విధములు. గోడ మట్టిదో, పచ్చి ఇటుకదో, కొయ్యదో అయినచో వాసయోగ్యము. గడ్డి, వెదురు, ప్లాస్టిక్ వంటి వానితో అయినచో వాసయోగ్యము కానిది.

ఈ లెక్క ప్రకారము 2001లో దేశమందలి ఇండ్లలో నూటికి సుమారు 52 శాశ్వతము, 30 అర్ధశాశ్వతము, 18 తాత్కాలికము అని తేలినది. కాంక్రీటు కప్పు క్రింద ఉన్న కుటుంబములు 2001లో నూటికి 20 కాగా, 2011 నాటికి 29 అయినవి. పెంకుల కప్పు 33 నుండి 24కు తగ్గినది. 2001లో పెంకులన్నిటికి ఒకటే గడి. 2011లో చేతిపెంకులను, యంత్రపు పెంకులను వేరు చేసిరి. కావున రెండు లెక్కలను పోల్చువారు గడులు ఒకటేనా అని ముందుగా చూచుకొనవలెను.

ఈ తరగతులు చెప్పనిది ఒకటి కలదు. ఆస్బెస్టాస్ రేకుల ఇల్లు కాగితము మీద శాశ్వతపు కప్పు గలది. చిత్రి ఎండలలో దాని క్రింద మధ్యాహ్నము కూర్చుండి చూచిన తెలియును! మందపు మట్టిగోడ, పూరికప్పు గల ఇల్లు చల్లగా ఉండును గాని లెక్కలో తాత్కాలికము. తరగతి చెప్పునది ఎన్నాళ్లు నిలుచునన్నదే గాని ఎంత సుఖమన్నది కాదు.

ఐనను ఆ మాటకు విలువ కలదు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ గృహపథకము ఇల్లు లేనివారికి, రెండు గదులకు మించక గోడ, కప్పు రెండును కచ్చావైన ఇండ్లవారికి ఉద్దేశింపబడినది. గోడ మాత్రము ఇటుకదై, వానకు కారే పూరికప్పు క్రింద ఉన్న కుటుంబము ఆ మాటతో వెలుపల నిలిచిపోవచ్చును. మన రాష్ట్రములో 2024లో ప్రకటించిన కలైజ్ఞర్ కనవు ఇల్లం పథకము 2030లోగా పూరిగుడిసెలకు బదులు 8 లక్షల కాంక్రీటు ఇండ్లు, ఒక్కొక్కదానికి మూడున్నర లక్షల రూపాయలు అన్నది. ఎన్ని గుడిసెలున్నవో సరిగా తెలియనిదే ఇట్టి ఏర్పాటు చేయుట ఎట్లు?

చెప్పుటకు జంకేవారు ఇరు తెగలు. పూరికప్పు అనుటకు నామోషీ పడువారు కొందరు. మిద్దె అన్నచో ఇంటిపన్ను పెరుగునేమోనని భయపడువారు కొందరు. రెండును అనవసరము. 1948 నాటి జనాభా లెక్కల చట్టము ప్రకారము ఒక్కొక్క ఇంటివారు చెప్పిన జవాబు రహస్యము. పన్ను వేసేవారికి అది చేరదు. పథకమునకు అర్హులను ఎంచిన 2011 నాటి సామాజిక, ఆర్థిక గణన వేరు. జనాభా లెక్కలో పూరిల్లు అని చెప్పినంతన ఇల్లు మంజూరు కాదు, మిద్దె అన్నంతన రద్దు కాదు. ఊరి మొత్తము, జిల్లా మొత్తము మాత్రమే బయటికి వచ్చును. ఆ మొత్తము తప్పినచో నష్టము పేదవారికే.

ఈసారి ఇండ్ల లెక్కకు 2026 ఏప్రిల్ మొదలు సెప్టెంబరు లోపల, రాష్ట్రమునకు 30 దినముల చొప్పున గడువు నిర్ణయించిరి. ముందు హాలుకు కాంక్రీటు, వెనుక వంటింటికి రేకులు ఉన్న ఇండ్లు మనలో అనేకము. అట్టిచోట ఎక్కువ భాగము దేనితో కప్పబడినదో అదియే చెప్పవలెను. పెంకులైనచో చేతిపెంకులా, యంత్రపు పెంకులా అన్నది పెద్దలను అడిగి తెలిసికొని ఉంచుకొనుట మంచిది. ఇంట కోడలో, మనుమడో ఒక్కరే ఉన్న వేళ లెక్కవారు రావచ్చును. వారికిని ఈ సంగతి ముందుగా చెప్పి ఉంచుడని మా మనవి.