పాత చెక్కకు కొత్త రంగు: ముందు పాత పూత సంగతి చూడాలి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో బదిలీ ఆర్డర్ వచ్చిన ఇంటిని ఇట్టే గుర్తుపట్టొచ్చు. ముందుగా వరండాలోకి చెక్క సామాను వస్తుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లారీ ఎక్కుతాయి. బరువైన బీరువా, కాలు ఊగే బల్ల, పిల్లలు పెద్దవాళ్లయ్యాక మిగిలిపోయిన మంచం మాత్రం పక్కింటికో, వాట్సాప్ గ్రూపులో అడిగినవాళ్లకో వెళ్తాయి.

ఈ ఊరిలో ఇది ఇవాళ్టి సంగతి కాదు. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను రైల్వే పట్టణంగా మార్చింది. తర్వాత విశాఖ వైపు మార్గం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. ఉత్తరాంధ్ర కుటుంబాలు ఆ పట్టాల వెంటే ఇక్కడికి చేరాయి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రమైంది. వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు ఉన్నంతకాలం సామాను చేతులు మారుతూనే ఉంటుంది.

కిందటి చలికాలంలో నేనూ ఒక చిన్న అల్మారా కొన్నాను. మా అక్క కూతురి బొమ్మలు పెట్టుకోవడానికి. పైన పిస్తా రంగు, అక్కడక్కడా పెచ్చులు. ఉప్పు కాగితం తీసుకుని బాల్కనీలో కూర్చున్నాను. పది నిమిషాలు రుద్దేసరికి ఆకుపచ్చ కింద పసుపు, పసుపు కింద ఎరుపు బయటపడ్డాయి. వేళ్లకు పసుపు పొడి అంటుకుంది. అప్పటిగ్గానీ నేను చేస్తున్న తప్పేమిటో నాకు తట్టలేదు.

ఆ పొడిలో ఏముంటుంది?

పాత ఎనామిల్ పెయింట్లలో సీసం కలిపేవారు. రంగు త్వరగా ఆరడానికి కొంత, రంగు కోసం కొంత. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం క్రోమేట్ ఎక్కువగా వాడేవారు. పసుపు కలిపి చేసే ఆకుపచ్చల్లోనూ అది ఉండేది. ఇనుముకు తుప్పు పట్టకుండా పూసే ఎర్ర సిందూరం అచ్చంగా సీసం ఆక్సైడే.

మన దేశంలో ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం పది లక్షల భాగాల్లో 90కి మించరాదన్న నిబంధనలను 2016లో నోటిఫై చేశారు. అవి 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంటే అంతకుముందు రంగు వేసిన ఏ వస్తువునైనా సీసం ఉన్నదిగానే భావించి పని మొదలుపెట్టడం మంచిది. బజారులో దొరికే పరీక్ష కిట్లు ఒక్కోసారి తప్పు చెబుతాయి. కిట్ 'లేదు' అన్నంత మాత్రాన జాగ్రత్తలు వదిలేయకూడదు.

చెక్కుచెదరకుండా ఉన్న పూతతో ప్రమాదం తక్కువ. పొడి చేసినప్పుడే అసలు సమస్య. ఆ దుమ్ము నేల మీద పడుతుంది. పాకే పిల్లల చేతికి, అక్కడి నుంచి నోటికి చేరుతుంది. పెద్దవాళ్ల కంటే పిల్లల ఒంట్లోకి సీసం ఎక్కువగా ఇంకుతుంది. అది ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది, ఆ నష్టం తిరిగి పూడేది కాదు. ఇంత వరకు ఫరవాలేదు అనే సురక్షిత స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ సీసం ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థల నివేదిక అంచనా వేసింది. దానికి పెయింట్ ఒక్కటే కారణం కాదు. కానీ మన ఇంట్లో, మన చేతుల్లో ఉన్న కారణాల్లో అదొకటి.

గీకాలా, వద్దా?

పాత రంగంతా చెక్క కనబడేదాకా గీకేయాలని మనలో చాలామంది అనుకుంటాం. ఇంటర్నెట్ వీడియోలూ అదే చూపిస్తాయి. నిజానికి చాలాసార్లు ఆ అవసరమే లేదు. పూత గట్టిగా పట్టుకుని ఉంటే సబ్బునీళ్లతో కడిగి, తడి ఎమరీ కాగితంతో మెరుపు పోయేంత వరకు మాత్రమే రుద్ది, ప్రైమర్ వేసేయొచ్చు. పాత పూత కిందే ఉండిపోతుంది.

పెచ్చులూడే చోట మాత్రం తీయక తప్పదు. అప్పుడు కింద ప్లాస్టిక్ షీటు పరచాలి, ఎన్‌95 మాస్క్ పెట్టుకోవాలి, నీళ్లు చల్లుతూ రుద్దాలి. పిల్లలు, గర్భిణులు దగ్గర్లో ఉండకూడదు. పని అయ్యాక చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. బ్లోల్యాంప్‌తో రంగు కాల్చి తీయడం అన్నిటికంటే ప్రమాదం, సీసం పొగగా మారి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పాత రంగున్న ఉయ్యాల, పసివాళ్లు కొరికే మంచం కమ్మీలు, రాపిడి పడే సొరుగు అంచులు ఉంటే పైన ఎన్ని పూతలు వేసినా నమ్మలేం. వాటిని పిల్లల గదికి తీసుకురాకపోవడమే మేలు.

రైల్వే ఊళ్లో ఇంకో ఆకర్షణ పాత చెక్క స్లీపర్లు. కాంక్రీటువి వచ్చాక పట్టాల కింద నుంచి తీసేసిన దిమ్మలు. చూడ్డానికి అందంగా, రాయిలా గట్టిగా ఉంటాయి. సాల్ చేవ తనంతట తానే మన్నుతుంది కాబట్టి అలాగే వాడేవారు. కానీ దేవదారు, చిర్ వంటి మెత్తటి కలపను ధిల్వాన్, నహర్‌కటియా, క్లట్టర్‌బక్‌గంజ్ లాంటి చోట్ల ప్లాంట్లలో క్రియోసోట్ అనే తారునూనె ఎక్కించి మరీ పట్టాల కిందకు పంపేవారు. క్రియోసోట్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 'బహుశా క్యాన్సర్ కారకం' అన్న జాబితాలో పెట్టింది. పైగా అది ఎండకు చెమ్మగిల్లి ఏ పెయింట్‌నైనా చీల్చుకుని నల్లగా బయటికొస్తుంది. తారు వాసన వచ్చే దిమ్మను కోయొద్దు, కాల్చొద్దు, డైనింగ్ టేబుల్ అసలే చేయొద్దు.

చెక్కను బట్టి పూత

ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం సాల్. మనం గుగ్గిలం అనేది దీని బంకనే. ఈ చెక్క బరువెక్కువ, మేకు దిగదు, బంకతనం వల్ల రంగు మరకలు పడుతుంది. టేకులో నూనె ఉంటుంది, కాబట్టి ప్రైమర్‌కు ముందు థిన్నర్ గుడ్డతో తుడవకపోతే పూత నెలల్లో లేస్తుంది. రెంటికీ ముందుగా ఒక పొర లక్క పూత వేస్తే మరకలు పైకి రావు. లక్క రేకులను స్పిరిట్‌లో నానబెడితే తయారయ్యే ఈ పూతే ఫ్రెంచ్ పాలిష్. దేశంలో లక్క ఎక్కువగా పండే రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. మోదుగ, కుసుమ, రేగు చెట్ల మీద పెంచుతారు.

మీ వస్తువుపై ఉన్నది ఏ పూతో తెలియకపోతే, ఓ మూల స్పిరిట్‌లో తడిపిన దూదితో రుద్దండి. జిగురుగా మారి గోధుమరంగు దూదికి అంటితే అది లక్క పాలిష్. అలాంటి మంచి టేకును రంగు కింద పూడ్చేయకండి. కొత్త పాలిష్ పట్టిస్తే చాలు.

పుచ్చు రంధ్రాల నుంచి సన్నటి పిండి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉంది. దాని సంగతి తేల్చకుండా లప్పం పెట్టడం దండగ. పగుళ్లకు రంపపు పొట్టు, జిగురు కలిపిన ముద్ద బాగా పనిచేస్తుంది. కొండపల్లి కళాకారులు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే మక్కుది కూడా ఈ సూత్రమే. అది ఆరాక రుద్ది, ప్రైమర్ వేసి, మళ్లీ రుద్ది, పలుచగా రెండు పూతలు వేయాలి. మందంగా ఒక్కటి వేస్తే లోపల పచ్చిగా ఉండిపోతుంది. లిన్సీడ్ నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకోవచ్చు, పరిచి ఆరబెట్టాలి.

ఈ పనికి బిలాస్‌పూర్‌లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సరైన కాలం. మంచు విడిచి ఎండ వచ్చాక మొదలుపెట్టాలి. మే ఎండలో పూత పైన ఆరి లోపల ఆరదు. వానాకాలంలో చెక్క ఉబ్బి ఉంటుంది, అప్పుడు సొరుగును చిత్రిక పడితే చలికాలానికి వదులైపోతుంది.

నా అల్మారా విషయానికొస్తే, ఆ రోజు బాల్కనీని మూడుసార్లు తడిగుడ్డతో తుడిచాను. వారం తర్వాత తడి కాగితంతో పైపైన రుద్ది, ప్రైమర్ వేసి, నీలం ఎనామిల్ రెండు పూతలు వేశాను. పసుపు లోపలే ఉంది. అల్మారా ఇప్పుడు నా గదిలో పుస్తకాలతో ఉంది. పాప బొమ్మలు వెదురు బుట్టలో ఉన్నాయి.