పాతకారు స్టీరింగు నూనెను మార్చు విధము

ఉద్దానపు గ్రామములనుండి పలాస జీడిపప్పు బజారునకును, టెక్కలికిని పాతకార్లలో పోవువారు మనలో పెక్కండ్రు గలరు. ఇంజను నూనెను తప్పక మార్చువారు సైతము పవరు స్టీరింగు నూనెను మరచుచుందురు. విద్యుత్తు స్టీరింగు గల క్రొత్తకార్లకు ఈ నూనె యుండదు.

ఇంజనుచే తిరుగు పంపు ఈ నూనెను ఒత్తిడితో పంపి, చక్రములను త్రిప్పుటలో మనకు సాయపడును. నూనె నల్లబడి మాడువాసన వచ్చినచో, అందలి మలినము పంపును, రబ్బరు సీళ్లను అరగదీయును. అంతట స్టీరింగు బరువెక్కి, మలుపులో ప్రమాదము కలుగవచ్చును.

మార్చు క్రమ మిది. ఇంజను ఆపి, ముందుచక్రములను జాకీతో లేపి, గట్టి స్టాండ్లపై నిలుపవలెను. నూనెడబ్బాలోనికి తిరిగివచ్చు గొట్టము నూడదీసి, దాని కొనను సీసాలో నుంచి, డబ్బా రంధ్రమును మూయవలెను. క్రొత్తనూనె పోయుచు, మరియొకరిచే స్టీరింగును ఈ కొననుండి ఆ కొనకు మెల్లగా త్రిప్పింపవలెను. డబ్బా ఎన్నడును ఖాళీ కారాదు. సీసాలోనికి శుభ్రమైన నూనె వచ్చిన పిమ్మట గొట్టమును బిగించి, డబ్బా నింపి, మరల పలుమారులు త్రిప్పి గాలిని వెడలించి, అటుపై ఇంజను నడిపి మట్టము చూడవలెను. నురుగు కనబడినచో గాలి యింకను గలదని తెలియునది.

కారుపుస్తకమున చెప్పిన నూనెనే వాడుడు. బ్రేకునూనె పోసినచో సీళ్లు ఉబ్బి చెడును.

తుదకు ముఖ్యమైన మాట. మనది ఇసుకనేల, పారబోసిన నూనె త్వరగా దిగి బావినీటిని చేరగలదు. 2018 తిత్లీ తుపానులో చెట్లు కోల్పోయి, మరల మొక్కలు నాటుకొన్న మనము ఆ నీటిని చేజేత చెరుపుకొనరాదు. పాతనూనెను సీసాలో మూసి, దానిని సేకరించు గారేజీకి అప్పగింపుడు.