శనివారం రాత్రి కచేరీ

పిల్లలూ, చిన్నతనంలో శనివారం రాత్రి రేడియోలో ఏం వినేవారో మీ తాతయ్యనో, అమ్మమ్మనో అడిగి చూడండి. సంగీతమంటే చెవి కోసుకునే ఇల్లయితే జవాబు వెంటనే వస్తుంది. 1952లో ఆలిండియా రేడియో వారు సంగీతంలో జాతీయ కార్యక్రమం ప్రారంభించారు. ఉత్తరాది, దక్షిణాది విద్వాంసుల కచేరీలను అన్ని కేంద్రాలూ ఒకేసారి ప్రసారం చేసేవి.

అంతకు పూర్వం పెద్ద విద్వాంసుల పాట వినాలంటే ఏ పట్నంలో సభకో, జమీందారు గారింటి పెళ్ళికో వెళ్ళాలి. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలైనాయి. ఊళ్ళో పంచాయతీ రేడియో పెట్టాక, పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్న రైతుకు కూడా ఆ పాట అందింది.

పాడేవారికి మాత్రం ఇది కొత్త పరీక్ష. సభలో రాగం కుదిరితే ఎంతసేపైనా సాగించవచ్చు, "శభాష్" అనేవాళ్ళుంటారు. స్టూడియోలో శ్రోతలుండరు. ఎదుట మైకు, గోడకు గడియారం, ఒక ఎర్రదీపం. దీపం వెలిగితే దగ్గు వచ్చినా ఆపుకోవాలి. గడియారం చెప్పిన వేళకు మంగళం పాడి తీరాలి.

ప్రసంగాలు చేసేవారి పాట్లు వేరు. పది పదిహేను నిమిషాల్లో చెప్పేదంతా ముందే రాసుకుని చదవాలి. కాని చదువుతున్నట్టు వినపడకూడదు! పుట తిప్పితే కాగితం చప్పుడు కూడా మైకులో పడుతుంది. నన్నడిగితే పాటకంటె ఇదే కష్టం.

రాత్రివేళ కచేరీ పెట్టడం జనానికి తీరిక దొరుకుతుందనే. అయితే రాత్రి వల్ల ఇంకొక లాభం కూడా ఉంది. పగలు ఎండ వేడిమికి కాదు, సూర్యకిరణాల శక్తికి భూమిపైన 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున గాలిలో విద్యుత్తు నిండిన పొర ఏర్పడుతుంది. మీడియం వేవు తరంగాలను అది మింగేస్తుంది. పొద్దుగూకితే ఆ పొర పలచబడిపోతుంది. తరంగాలు ఇంకా పైనున్న పొరదాకా వెళ్ళి, అక్కడ తగిలి, వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. ఆ పై పొర నిలకడగా ఉండదు. అందుకే దూరపు పాట ఒకసారి పెరిగి, ఒకసారి తగ్గుతుంది.

మరొక వింత. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. రేడియో తరంగం 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. మద్రాసు సభలోంచి కచేరీ నేరుగా ప్రసారమవుతోందనుకోండి. లౌడుస్పీకరు లేకపోతే 34 మీటర్ల దూరాన చివరి వరుసలో కూర్చున్నవాడికి ఫిడేలు స్వరం చేరడానికి సెకనులో పదో వంతు పడుతుంది. విజయవాడలో రేడియో పక్కన కూర్చున్నవాడు అంతకంటె ముందే వినేస్తాడు!

మీ ఇంట్లో మీడియం వేవు పలికే చిన్న ట్రాన్సిస్టరు ఉంటే మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ముల్లు తిప్పి, ఎన్ని కేంద్రాలు దొరికాయో లెక్క రాసుకోండి. ఒక కేంద్రం సన్నగా వినిపిస్తుంటే పెట్టెను మెల్లగా పక్కకు తిప్పండి. తరంగాన్ని పట్టే కడ్డీ ఒకటి లోపల అడ్డంగా ఉంటుంది. అది సరైన దిక్కుకు తిరగగానే గొంతు హెచ్చుతుంది.