వీలీ బడిలో మొదటి పాఠం బ్రేకు

మా అబ్బాయి 24 ఏళ్లు నిండిన నెలలోనే పెద్ద బండి లైసెన్సు తెచ్చుకున్నాడు. బ్రిటన్‌లో ఎంత శక్తి ఉన్న మోటార్‌సైకిలైనా నడపడానికి వీలిచ్చే ‘ఎ’ కేటగిరీ లైసెన్సుకు నేరుగా పరీక్షకు వెళ్లాలంటే ఆ వయసు రావాల్సిందే. ఆ వెంటనే సెకండ్ హ్యాండ్‌లో యమహా ఎంటీ-07 కొన్నాడు. 689 సీసీ బండి. రెడింగ్‌లో మా ఇంటి ముందు ఆపగానే వాళ్లమ్మ కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. అంతవరకు బాగానే ఉంది. రెండు నెలలు గడిచాక ఒక రాత్రి భోజనాల దగ్గర అసలు మాట బయటపెట్టాడు.

‘‘నాన్నా, నేను వీలీ నేర్చుకుంటా.’’

ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, వెనక చక్రం మీదే బండి నడపడం. నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

కాలువ గట్టు మీద ఆర్ఎక్స్ 100

నాది విజయవాడ దగ్గర కానూరు. 1993లో మేం ఇంజినీరింగ్ రెండో ఏడాది. ఆ రోజుల్లో కాలేజీ కుర్రాళ్ల కలల బండి యమహా ఆర్ఎక్స్ 100. రెండు స్ట్రోకుల ఇంజిను, సుమారు 11 హార్స్ పవర్. ఈనాటి లెక్కలో అదేమంత బలం కాదు. కానీ బండి బరువు వంద కిలోలకు అటూ ఇటూ మాత్రమే. క్లచ్ టక్కున వదిలితే చాలు, ముందు చక్రం లేచి నిలబడేది.

మా బ్యాచిలో ఆ బండి ఉన్నది ఒక్కడికే. నా ప్రాణ స్నేహితుడు. సాయంత్రాలు కాలువ గట్టు రోడ్డుకు వెళ్లేవాళ్లం. వాడు బండి లేపేవాడు, మేం ఈలలు వేసేవాళ్లం. నేర్పినవాళ్లు లేరు, హెల్మెట్ లేదు. ఆ రోజు చక్రం ఎప్పటికన్నా పైకి లేచింది. ‘‘ఇంకా లేపరా’’ అని అరిచింది నేనే. మరుక్షణం బండి వెనక్కి తిరగబడింది. వాడు వెల్లకిలా పడ్డాడు, బండి వాడి మీద పడింది. వెన్నెముక దెబ్బతింది. అప్పటి నుంచి వాడు చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. బందరు రోడ్డు పక్కన జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు. పెళ్లయింది, ఒక కూతురు. ప్రతి ఆదివారం వాట్సాప్‌లో మాట్లాడుకుంటాం. ఆ సాయంత్రం ఊసు మాత్రం ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

ఇదంతా మా అబ్బాయికి ఆ రాత్రే మొదటిసారి చెప్పాను. వాడు చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు.

‘‘వద్దంటే మానేస్తానని అబద్ధం చెప్పలేను నాన్నా. రాత్రిపూట ఏ ఖాళీ రోడ్డు మీదో సొంతంగా ప్రయత్నించడం ఇష్టం లేకే అడుగుతున్నా. దీనికి స్కూళ్లున్నాయి’’ అన్నాడు.

మా ఆవిడ ఆస్పత్రి ఎమర్జెన్సీ విభాగంలో నర్సు. బండి ప్రమాదాలు ఆమె రోజూ చూసేవే. వాడి మీద విరుచుకుపడుతుందనుకున్నా. ఆమె మాత్రం నావైపు తిరిగి, ‘‘మీరూ వెళ్లండి. ఇంట్లో కూర్చుని భయపడే కన్నా దగ్గరుండి చూడటం మేలు’’ అంది.

రన్‌వే మీద బడి

జులైలో ఒక శనివారం. ఇంగ్లండ్ మిడ్‌ల్యాండ్స్‌లో రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి పాత ఎయిర్‌ఫీల్డ్. విమానాలు ఎప్పుడో ఆగిపోయాయి. రన్‌వే మాత్రం వెడల్పుగా, తిన్నగా మిగిలింది. ఎదురొచ్చే బండి ఉండదు, అడ్డం వచ్చే మనిషి ఉండడు. ఆ రోజు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఎనిమిది మంది. అందులో ఇద్దరు మహిళలు, ఒకాయన అరవై దాటినవాడు. అందరికీ పూర్తి హెల్మెట్, వీపుకు రక్షణ కవచం, తోలు సూటు, చీలమండలు దాటే బూట్లు తప్పనిసరి.

బండ్లు స్కూలువే. వాటికి ఒక పరికరం బిగించి ఉంది. ముందు చక్రం నిర్ణీత కోణం దాటి లేస్తే ఇంజినును అదే ఆపేస్తుంది. బండి వెనక్కి తిరగబడే ప్రమాదాన్ని తగ్గించే ఏర్పాటది. దాన్ని చూడగానే నాకు కాస్త ఊపిరి ఆడింది.

మొదటి గంట రన్‌వే మీదికి ఎవరినీ పోనివ్వలేదు. షెడ్డులో ఇనుప చట్రానికి బిగించిన ఒక బండి ఉంది. విద్యార్థి దాని మీద కూర్చుంటే మోటారు సాయంతో ముందు భాగం పైకి లేస్తుంది. కుడికాలితో వెనక బ్రేకు నొక్కితే కిందికి దిగుతుంది. ఒక్కొక్కరూ ఇరవై ముప్పైసార్లు అదే పని చేశారు. లేవడం, బ్రేకు. లేవడం, బ్రేకు. ‘‘బండిని పైకి లేపడం మధ్యాహ్నం నేర్పుతా. కిందికి దించడం రానివాళ్లకు లేపడం నేర్పను’’ అన్నాడు శిక్షకుడు.

ఒక మూల కుర్చీలో కూర్చున్న నాకు ఒళ్లు జలదరించింది. కానూరు గట్టు మీద మాకు తెలిసినవి క్లచ్, ఎక్సలేటర్. వెనక బ్రేకు సంగతి మాలో ఒక్కడికీ తెలియదు.

తూకం ఎక్కడుంది?

విరామంలో శిక్షకుణ్ని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. బండి ముందుకు దూకినప్పుడు నేల వెనక టైరును ముందుకు తోస్తుంది. బండి, మనిషి కలిసిన బరువు కేంద్రం మాత్రం నేలకు ఎత్తులో ఉంటుంది. కింద తోపు, పైన బరువు. అందుకే ముందు భాగం పైకి లేవాలని చూస్తుంది. ఆ వేగం పెరిగే జోరు సరిపడా ఉంటే చక్రం నేలను వదిలేస్తుంది.

చక్రం లేచేకొద్దీ బరువు కేంద్రం వెనక్కి జరుగుతుంది. అది సరిగ్గా వెనక టైరు నేలను తాకే చోటికి పైన వచ్చినప్పుడు బండి తూకంలో నిలుస్తుంది. అదే బ్యాలెన్స్ పాయింట్. దానికి ముందు బండి కిందికి దిగాలని చూస్తుంది, ఎక్సలేటర్‌తో పైన నిలపాలి. దాన్ని దాటితే వెనక్కి పడాలని చూస్తుంది. అప్పుడు భయపడి క్లచ్ నొక్కేస్తే ఇంజిను పట్టు కూడా పోతుంది. ఇక కాపాడేది వెనక బ్రేకు ఒక్కటే. అది తొక్కగానే వెనక చక్రం వేగం తగ్గి, ముందు భాగం కిందికి దిగుతుంది.

‘‘బ్యాలెన్స్ పాయింట్ చేరుకోవాలని కొత్తవాళ్లందరికీ ఆశే. బ్రేకు మీద కాలు లేనివాడు అక్కడికి వెళ్లకూడదు’’ అని ముగించాడాయన.

మధ్యాహ్నం రన్‌వే మీద అసలు పాఠం మొదలైంది. మొదటి గేరు, గంటకు పదిహేను మైళ్ల లోపు వేగం. రెండు వేళ్లతో క్లచ్ కాస్త నొక్కి, ఎక్సలేటర్ కొంచెం పెంచి, క్లచ్ వదలాలి. చేతులు బిగించకూడదు, హ్యాండిల్‌ను లాగకూడదు. చూపు దూరంగా ఉండాలి. ముందు చక్రం దిగేటప్పుడు తిన్నగా ఉండాలి. వంకరగా దిగితే హ్యాండిల్ ఊగి పడేస్తుంది. పైన ఉండగా ఎక్సలేటర్ ఒక్కసారిగా మూసేస్తే చక్రం దబ్బున నేలకు కొట్టుకుంటుంది. ఫోర్కు సీళ్లు, హ్యాండిల్ బేరింగులు పాడవుతాయి.

మావాడు మొదటి పదిసార్లలో చక్రాన్ని జానెడు కూడా లేపలేదు. క్లచ్ వదిలే క్షణంలో భయంతో ఎక్సలేటర్ మూసేస్తున్నాడు. పదకొండోసారి చక్రం లేచింది. నా గుండె ఆగినంత పనైంది. వాడి బూటు కదిలింది, చక్రం మెత్తగా దిగింది. సాయంత్రానికి యాభై గజాల దూరం వెళ్లగలిగాడు. అరవై దాటిన పెద్దాయన వీడికన్నా ముందే నేర్చేసుకున్నాడు.

మావాడి బ్యాచికి ఆ యాభై గజాలే గొప్ప. ఈ విద్యలో ఆరితేరినవాళ్ల సంగతి వేరు. జపాన్‌కు చెందిన యసుయుకి కుడో 1991 మే 5న సుకుబాలోని పరీక్షా ట్రాక్ మీద వెనక చక్రంతోనే ఆగకుండా 331 కిలోమీటర్లు నడిపారు. స్వీడన్‌కు చెందిన పాట్రిక్ ఫుర్స్టెన్‌హాఫ్ 1999లో ఇంగ్లండ్‌లోని బ్రంటింగ్‌థార్ప్ ఎయిర్‌ఫీల్డ్‌లో గంటకు 307.86 కిలోమీటర్ల వేగాన్ని ఒక్క చక్రం మీద అందుకున్నారు. ఈ రెండు రికార్డులూ మామూలు రోడ్డు మీద చేసినవి కావు.

రోడ్డెక్కితే నేరమే

ఇది మన పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన మాట. బ్రిటన్ రోడ్ల మీద వీలీ చేస్తే 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం కింద ప్రమాదకర డ్రైవింగ్ కేసు పెట్టవచ్చు. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, కనీసం ఏడాది పాటు డ్రైవింగ్ నిషేధం. ఆ తర్వాత మామూలు పరీక్షకన్నా పెద్ద పరీక్ష మళ్లీ పాసైతేనే లైసెన్సు. అజాగ్రత్త డ్రైవింగ్ కింద పెట్టినా మూడు నుంచి తొమ్మిది పాయింట్లు పడొచ్చు. లైసెన్సు వచ్చిన రెండేళ్లలో ఆరు పాయింట్లు పడితే అది రద్దవుతుంది.

చదువుల కోసం వచ్చిన మన కుర్రాళ్లలో కొందరు ‘ఎల్’ బోర్డు పెట్టుకుని 125 సీసీ బండ్ల మీద తిరుగుతుంటారు. రీల్స్ కోసం సరదాగా చక్రం లేపితే, ఆ వీడియోనే సాక్ష్యం అవుతుంది. ప్రమాదకర డ్రైవింగ్‌లో శిక్ష పడితే అది క్రిమినల్ రికార్డే. తర్వాత వీసా దరఖాస్తుల్లో చెప్పుకోక తప్పదు. మన ఊళ్లోనూ మినహాయింపేమీ లేదు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

ఆదివారం ఫోను

మర్నాడు ఎప్పటిలాగే కానూరుకు ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో రాత్రంతా ఆలోచించుకున్నా. మావాడు వీలీ నేర్చుకున్న సంగతి వాడికి చెప్పడమే తప్పేమో అనిపించింది. దాచడం ఇంకా తప్పనిపించింది. చెప్పేశాను. వెనక బ్రేకు గురించి కూడా చెప్పాను.

‘‘ఆ రోజు మనకు ఆ ఒక్క ముక్క తెలిసి ఉంటే...’’ అని ఆగిపోయాను.

‘‘నాకు తెలుసురా. పదేళ్లయింది. మా షాపు పక్కన మెకానిక్ చెప్పాడు’’ అన్నాడు వాడు మామూలుగా.

‘‘మరి నాకెప్పుడూ చెప్పలేదే?’’

‘‘చెబితే ఏమవుతుంది? ‘ఇంకా లేపరా’ అనే బదులు ‘బ్రేకు తొక్కరా’ అని అరవాల్సింది అనుకుంటూ నువ్వు రాత్రుళ్లు నిద్ర మానుకుంటావు. నువ్వు అరవకపోయినా నేను లేపేవాణ్నిరా. అప్పటి నా పిచ్చి అది.’’

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నదేమిటో వాడికి తెలుసు. నాకు నోట మాట రాలేదు. వాడే, ‘‘సర్లే, పిల్లాడికి ఫోన్ ఇవ్వు’’ అన్నాడు. స్పీకర్ పెట్టాను.

‘‘ఏరా బాబూ, ఎంత దూరం వెళ్లావ్?’’

‘‘యాభై గజాలు అంకుల్.’’

‘‘పర్లేదు. చూడు, రోడ్డు మీద చేశావని తెలిస్తే ఈ కుర్చీలోనే విమానం ఎక్కి వచ్చి తంతా. రన్‌వే మీద ఎంతైనా లేపుకో. కుడికాలు మాత్రం బ్రేకు మీంచి తీయకు.’’

‘‘తీయను అంకుల్’’ అన్నాడు మావాడు.

తర్వాత వాళ్లిద్దరూ ఆర్ఎక్స్ 100 గురించి అరగంట మాట్లాడుకున్నారు. దాని చప్పుడు ఎలా ఉండేదో వాడు నోటితో చేసి వినిపిస్తుంటే, మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా పక్కన కూర్చుంది.