పొందూరు సన్ననూలు

నూలు వడకుట కళయా, కూలిపనియా? ఈ ప్రశ్నను మేము ఊరక వేయుటలేదు. శ్రీకాకుళము జిల్లా పొందూరులోను, చుట్టుపట్ల గ్రామములలోను రాట్నము త్రిప్పుచున్న స్త్రీల బ్రతుకు ఈ ప్రశ్నకు మనమిచ్చు ప్రత్యుత్తరముమీద ఆధారపడియున్నది. సభలలో దానిని కళయని కొనియాడుచున్నాము. చెల్లింపు వచ్చునప్పుడు మాత్రము చిలపలు లెక్కించి కూలి ముట్టజెప్పుచున్నాము.

ఆ నూలు ఎట్టిదో పాఠకులు ముందు తెలిసికొనవలెను. నూలు సన్నదనమును నంబరుతో కొలుతురు. 840 గజముల చిలపలు ఎన్ని కూడిన ఒక పౌను తూగునో ఆ సంఖ్యయే నంబరు. పొందూరు నూలు 100 మొదలు 120 నంబరువరకు సాగును. అనగా నూరవ నంబరు నూలు ఒక్క పౌను తీసి సాచినచో 84,000 గజములు, సుమారు 48 మైళ్ల దూరము పోవును. మిల్లులును ఇంత సన్నని నూలు తీయుచున్నవి గదా యని కొందరందురు. తీయుచున్నవి, కాని అందులకు ఈజిప్టు పత్తివంటి పొడవుపోగుల పత్తి కావలెను. పొందూరువారు వాడునది కొండపత్తి, పునాసపత్తి. వీని పోగు పొట్టిది. మిల్లు యంత్రములు సన్ననూలునకు పనికిరాదని త్రోసివేయు పత్తినుండి మిల్లునకు దీటైన నూలును ఈ స్త్రీలు వ్రేళ్లతో తీయుచున్నారు. ఇది అతిశయోక్తి కాదు. చేతితో తాకి చూచినవారికి వేరు సాక్ష్యమక్కరలేదు.

అదెట్లు సాధ్యమగుచున్నది? రహస్యము రాట్నములోకంటె రాట్నము ముట్టకముందు జరుగు పనిలోనే యెక్కువగ నున్నది. గింజపత్తిలోని ఆకు నలుసులను, పుచ్చును ఏరివేయుట మొదటి పని. పిమ్మట వాలుగచేప దవడయెముకను చేతబట్టి, గింజ నంటియున్న దూదిని దానితో దువ్వుదురు. ఆ దవడలో సూదిమొనలవంటి సన్నని పండ్లు దట్టముగ నుండును. దువ్వినకొలది పోగులు చిక్కువీడి ఒకే దిక్కునకు తిరుగును. నలుసులును, తెగిన పోగులును పండ్లలో చిక్కుకొని నిలిచిపోవును. తరువాత చెక్కపలకమీద పత్తినుంచి ఇనుపకడ్డీ దొర్లించి గింజను వేరు చేయుదురు. ఆమీద వింటినారితో దూది నేకుట, ఏకులు చుట్టుట. చుట్టిన ఏకును ఎండిన అరటిదొప్పలో పొదిగి, దుమ్ము తగులకుండ, చేతి చెమట అంటకుండ కాపాడుకొందురు. ఇంతవరకు ఒక్క గజము నూలైనను పుట్టలేదని గమనింపుడు.

అప్పుడు రాట్నము. 24 ఆకుల చక్రము, ఒక్క కదురు. ఒక చేయి చక్రమును త్రిప్పుచుండగా రెండవచేతి వ్రేళ్ల నడుమ ఏకు కరగి దారమగును. ఎంత లాగవలెనో, ఎంత మెలి పెట్టవలెనో చెప్పు కొలబద్ద వ్రేళ్లకొసలయందే యున్నది. గాలిలో తేమ తగ్గిన దారము తెగును. మనస్సు చెదరిన దారము ముడిపడును. చిత్రకారుడు కుంచె పట్టుటకును, ఈమె ఏకు పట్టుటకును భేదమేమో మాకు తోచకున్నది. భేదమొక్కటి కలదు: చిత్రకారుడు తన పటము క్రింద పేరు వ్రాసికొనును.

ఢాకా మస్లినునకు నూలు వడకిన స్త్రీలును ఈ జాతి చేప దవడతోనే పత్తిని దువ్వెడివారు. ఆ మస్లినును 1851లో లండను మహాప్రదర్శనములో నుంచిరి. ఆ శతాబ్దము ముగియకమునుపే ఆ వడకుపనియు, దానికి మూలమైన పత్తిచెట్టును కనుమరుగైనవి. తూర్పు బెంగాలు నేడు బంగ్లాదేశమైనది. అచ్చటివారు ఇటీవలి సంవత్సరములలో నదీతీరములలో ఆ చెట్టుజాతిని వెదకి, విదేశపు ప్రదర్శనశాలలలోని పాత గుడ్డలను పరీక్షించి, పోయిన నేర్పును మరల కూర్చుకొనుటకై మిక్కిలి ప్రయాసపడిరి. 2020లో ఢాకా మస్లినునకు భౌగోళిక గుర్తింపును సంపాదించిరి. వారి పట్టుదలను మేము మెచ్చుచున్నాము. వారు పరదేశపు అద్దాల పెట్టెలలో వెదకుకొనిన విద్య మన జిల్లాలో, మన భాష మాటలాడు స్త్రీల చేతులలో, ఇంకను ప్రాణముతో నున్నది.

ఈ నూలు పేరు గొప్పదగుట నేటి మాట కాదు. 1921 ప్రాంతమున గాంధీమహాత్ముడు దీని సంగతి విని, చూచి రమ్మని తన కుమారుడు దేవదాసును పొందూరునకు పంపెను. 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము స్థాపితమైనది. నాయకులును, నటులును పొందూరు ధోవతి కట్టుట గౌరవముగ భావించిరి, నేటికిని భావించుచున్నారు. ధోవతి కట్టినవాని పేరు లోకమునకు తెలియును. నేతపనివారికి సంత్ కబీరు పేర పురస్కారమైనను కలదు. వడకిన స్త్రీని గూర్చి అడుగువాడు లేడు. ఇప్పుడు రాట్నముకడ కనబడువారిలో వయసు చెల్లినవారే మెండు. కూతుళ్లు రాలేదని వారిని నిందించుట న్యాయము కాదు. తల్లి దినమంతయు వంగి కూర్చుండి యేమి గడించెనో చూచిన కూతురు ఆ పీటపై కూర్చుండునా?

దోషమెక్కడ నున్నదో మా అభిప్రాయమును దాచము. 1956నాటి ఖాదీ గ్రామపరిశ్రమల చట్టము ప్రకారము భారతదేశమున చేత వడకిన నూలుతో చేమగ్గముపై నేసిన వస్త్రము ఖాదీ. వడకుటకు ముందు పత్తిని ఎవరు, దేనితో శుభ్రపరచిరని చట్టమడుగదు. దేశములోని పెక్కు ఖాదీ కేంద్రములకు దూది యంత్రశాలలో సిద్ధమై వచ్చును. అనేక కదుళ్ల అంబరు చరఖాపై దానిని వడకుదురు. వారి కష్టమును మేము తక్కువ చేయుట లేదు. కాని యంత్రము సిద్ధపరచిన దూదియు, వాలుగ దవడతో గింజగింజకు దువ్విన దూదియు చట్టము కంటికి ఒక్కటే యగుట యెట్టి న్యాయము? 2013లో వచ్చిన ఖాదీ గుర్తు సైతము ఈ రెంటిని వేరుపరుపలేదు. కూలిని చిలపలతో కొలిచినంతకాలము, చిలపకు ముందున్న శ్రమ లెక్కకు రాదు.

ఇంతలో 2021 డిసెంబరు 30న పతాక నియమావళిని సవరించి, యంత్రముపై నేసిన గుడ్డకును, పాలియెస్టరునకును కేంద్రప్రభుత్వము అనుమతి నిచ్చినది. జెండాకు వాడునది పొందూరు సన్ననూలు కాదు, ముతకనూలు. ఆ ఆజ్ఞవలన పొందూరు మగ్గము నేరుగా ఆగిపోదు. అయినను రాట్నమును గూర్చి ఢిల్లీలో ఎట్టి భావము ప్రబలుచున్నదో దానివలన తెలియుచున్నది.

మేము కోరునది దానము కాదు. ఏరుట, దువ్వుట, గింజ తీయుట, ఏకుట అను నాలుగు పనులకును చిలపతో సంబంధము లేక వేరుగ కూలి నిర్ణయింపవలెను. చేత సిద్ధపరచిన పత్తితో వడకిన వస్త్రమునకు ఖాదీ గుర్తులోనే ప్రత్యేక తరగతి నేర్పరచి, వస్త్రముతో కూడ వడకినయామె పేరు అచ్చువేయవలెను. ఇందుచేత ధర పెరుగునని అభ్యంతరము వచ్చును. పెరుగనిండు, ఈ ధోవతి కొనువారు రూపాయికి వెనుదీయువారు కారు.

అన్నిటికంటె తొందరయైనది పత్తి సంగతి. కొండపత్తి దిగుబడి తక్కువ. మిల్లువారు దానిని కోరరు. కొనువాడు లేని పంటను రైతు దేశభక్తితో పండింపలేడు. ఇంత ధరకు ఇంత పత్తి తప్పక కొందుమని వ్రాతపూర్వకముగ మాట యిచ్చినగాని అతడు ఆ విత్తనమును చేతబట్టడు. ఆ మాటను ప్రభుత్వమువారు పునాస విత్తనములు వేయు అదనునకు ముందుగనే ప్రకటింపవలెను. వానలు పడిన పిమ్మట ప్రకటించినచో ఆ సంవత్సరము పోయినట్లే.