ఆవిరిచుట్టయు బ్యాటరీయు



ఇంగ్లండునందున్న నా మేనల్లుడు సిగరెట్టు మాని, విద్యుత్తుతో ఆవిరి పుట్టించు గొట్టమును పట్టినాడు. ఆవిరి చాలలేదని క్రొత్త తొట్టిని కొని, పాత బ్యాటరీకే బిగింపనున్నానని నాకు వ్రాసినాడు.

దాని మర్మమిది. తొట్టిలోని ద్రవమును దూది పీల్చును. దూదిని చుట్టిన తీగ కాగి ఆ ద్రవమును ఆవిరిగా మార్చును. తీగయొక్క నిరోధమును ఓములలో కొలుతురు. నిరోధ మెంత తగ్గిన ప్రవాహ మంత హెచ్చును. నిండుగా నున్న లిథియం బ్యాటరీ 4.2 వోల్టుల నిచ్చును. నేరుగా తగిలించిన 1 ఓము తీగ 4.2 ఆంపియర్లను లాగును, 0.2 ఓము తీగయో 21 ఆంపియర్లను లాగును. బ్యాటరీ కంత సత్తువ లేనియెడల అది మితిమీరి కాగి ప్రేలవచ్చును. లేగదూడకు నిండుబండి కట్టరాదు గదా!

కనుక తొట్టికంటె ముందు బ్యాటరీ మోయగల ఆంపియర్ల హద్దు తెలిసికొమ్మనియు, విడి బ్యాటరీని తాళపుచెవులతో కలిపి జేబులో వేయవలదనియు బదులు వ్రాసితిని. సెలవులకు వచ్చునపుడు ఆ గొట్టమును తేవలదని కూడ హెచ్చరించితిని. మన దేశమున 2019వ సంవత్సరపు చట్టము వీని దిగుమతిని, విక్రయమును నిషేధించినది.

పొగ పోయినను, ద్రవమున నికోటిన్ ఉన్నంతవరకు వ్యసనము పోదు. విదేశములందున్న మీ బిడ్డలకును ఈ మాట తెలుపుడు.