ఓర్చుకునుడు మందు గాదు: గుట్టలెక్కే పోరల వేళ్ల గణుపుల ముచ్చట

ఒక ఆదివారం పొద్దుగాల భోనగిరి గుట్ట కింద హాస్టల్ పోరలు పదిమంది దాకా షూలు తొడుక్కుంటున్నరు. ఒక పద్నాలుగేండ్ల పిలగాడు మాత్రం కుడి చెయ్యి జేబుల నుంచి తీస్తలేడు. "ఏమైందిరా?" అంటే "ఏం గాలేదన్నా" అన్నడు. తీయమని పట్టువడితే తీసిండు. నడిమి వేలు నడిమి గణుపు ఉబ్బి ఉన్నది. ముడువుమంటే సగం దాకనే ముడుస్తున్నడు.

"ఎన్ని దినాలాయె?"

"రెండు నెలలన్నా."

రెండు నెలల సంది ఎవ్వలికీ చెప్పలేదు. సెలక్షన్లు దగ్గరున్నయి, చెప్తే పేరు తీసేస్తరని భయం. అంతకు ముందు ఒకసారి నేర్పేటాయినకు చెప్తే "గుట్టలెక్కేటోనికి నొప్పి ఉండదా, ఓర్చుకో" అన్నడట.

గీ "ఓర్చుకో" అన్న మాట గురించే నేను రాస్తున్న.

భోనగిరి గుట్ట మన పోరలకు ఉత్త గుట్ట గాదు. ఇక్కడ ఎక్కుడు నేర్చుకున్న మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన్రు. నిజామాబాద్ జిల్లా పాకాల తండా బిడ్డకు అప్పటికి పద్నాలుగేండ్లు గూడ నిండలే. ఇద్దరూ సంక్షేమ గురుకులాల పిల్లలే. 2021ల జరిగిన టోక్యో ఒలింపిక్స్‌ల గోడలెక్కే ఆట గూడ చేరింది. గందుకే గరీబు ఇండ్ల పోరలకు ఇది సరదా గాదు, ఒక తొవ్వ. ఆ తొవ్వల మొదలు దెబ్బతినేది వేళ్లే.

నేను డాక్టర్ను గాను. నలభై దగ్గరవడ్డంక ఎక్కుడు నేర్చుకున్న, ఒక వేలు పాడుచేసుకున్న, దవాఖాన్ల పొంట తిరిగిన, దొరికింది చదివిన. అండ్ల తెలుసుకున్నదే చెప్తున్న.

వేళ్లను గట్టిగ ముడిచే కండలు వేళ్లల్ల ఉండయి, ముంజేతిల ఉంటయి. అక్కడి నుంచి మణికట్టు దాటి వేళ్లల్లకు తాళ్ల లెక్క టెండన్లు వస్తయి. ఊర్లె మనం "నరం వట్టింది" అంటం గని అది నరం గాదు, తాడు. వేలు ముడిసినప్పుడు ఆ తాడు బొక్కను ఇడిసి పైకి లేవకుంట పట్టీలు ఉంటయి. ప్యాంటుకు బెల్టును పట్టుకునే లూపులు ఉంటయి సూడుండ్రి, గట్లనే. డాక్టర్లు వీటిని పుల్లీలు అంటరు. అడ్డం పట్టీలు ఒక్కో వేలికి ఐదు. వేలు మొదటి బొక్క మీదున్న రెండో పట్టీ, నడిమి బొక్క మీదున్న నాలుగో పట్టీ అన్నిట్లకు ముఖ్యమైనయి.

రాతి మీద సన్నటి అంచు దొరికితే మనమేం జేస్తం? నడిమి గణుపు పైకి లేచేటట్టు వేలు ముడిచి, కొసను ఎనుకకు వంచి, మీదికెళ్లి బొటనవేలుతోని నొక్కుతం. దీన్ని క్రింప్ అంటరు. పట్టు గట్టిగనే దొరుకుతది. గని గప్పుడు రెండో పట్టీ మీద పడే బరువు, వేళ్లు చాపి పట్టుకున్నప్పటి కన్న ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇంకో సంగతి. కండ జల్ది పెరుగుతది, రెండు మూడు నెలల్ల బలం కనవడ్తది. తాళ్లకు, పట్టీలకు నెత్తురు తక్కువ అందుతది. అవి గట్టివడనీకి నెలలు గాదు, ఏండ్లు వడ్తది. కొత్తగ నేర్చుకునేటోడు ఆరు నెలలకే "బలం వచ్చింది" అనుకొని కష్టమైన రూట్ల మీద పడ్తడు. బలం వచ్చింది ముంజేతికి. వేలు ఇంకా ఎనుకనే ఉన్నది.

వేలి నొప్పులు అన్ని ఒక్కతీరు గావు. ఏది ఏందో తెలిస్తేనే ఏం జెయ్యాల్నో తెలుస్తది.

ఒకటి, పట్టీ తెగుడు. ఎక్కుతాంటే "టప్" మని సప్పుడైతది, ఎంటనే వేలి మొదట్ల నొప్పి, వాపు. ఎక్కువ శాతం ఉంగరపు వేలికే అయితది. కాలు జారి బరువంత ఒక్కసారి వేళ్ల మీద పడ్డప్పుడు తెగుతది. నాకైంది గిదే. నేనేం జేసిన? నొప్పి గోలీ మింగి తెల్లారి మళ్ల ఎక్కిన. గోలీ దెబ్బను మాన్పలేదు, దెబ్బ ఉన్నదన్న సంగతిని దాచింది. నెలల్ల మానేదానికి ఏడాది వట్టింది. గిసోంటి దెబ్బకు అల్ట్రాసౌండ్ స్కానింగ్ తీస్తే పట్టీ సాగిందా, తెగిందా తెలుస్తది. ఒక్క పట్టీ తెగితే చాలమట్టుకు ఆపరేషన్ లేకుంటనే మానుతది. రింగు లెక్క సపోర్టు వెట్టుకోవాలె, నొప్పి రానంత మేరకు వేలు మెల్లగ ఆడిస్తుండాలె, పూర్తిగ ఎక్కనీకి మూడు నెలల దాకా ఆగాలె. రెండు మూడు పట్టీలు తెగితే ఆపరేషన్ ముచ్చట డాక్టర్ చెప్తడు.

రెండోది, గణుపు వాపు. దీనికి సప్పుడుండదు, ఒక దినమని ఉండదు. పొద్దుగాల లేస్తే నడిమి గణుపు బిర్రుగుంటది, ఎక్కుడు షురూ జేసినంక సదురుకుంటది, రాత్రికి మళ్ల నొస్తది. వేలి ఉంగరం పట్టదు. ఇది రోజురోజు ఎక్కువ పని జెప్పుడుతోని వచ్చేది. నెలల తరబడి ఇడువదు. పూర్తిగ పండుకునుడు కన్న పని తగ్గించుడే దీనికి మేలు. క్రింప్ బందు వెట్టాలె, పెద్ద పట్టులున్న అల్కటి రూట్లు ఎక్కాలె, వారంల దినం ఇడిసి దినం ఎక్కాలె.

మూడోది పోరలది. గిది అమ్మానాయినలు, వార్డెన్లు, నేర్పేటోళ్లు మంచిగ చదువుండ్రి. పెరిగే పిల్లల బొక్కల కొసల దగ్గర ఇంకా గట్టివడని మెత్తటి జాగ ఉంటది. బొక్క పొడుగు పెరిగేది ఆడనే. జల్ది జల్ది ఎత్తు పెరిగే పన్నెండు నుంచి పదహారేండ్ల నడుమ, పట్టీ కన్న ఆ జాగనే కచ్చగ ఉంటది. మళ్ల మళ్ల క్రింప్ జేస్తే ఆడ పగులు వడ్తది. ఎక్కువగ నడిమి వేలు, నడిమి గణుపు మీది దిక్కు. ఒక్కసారి తగిలిన దెబ్బ లేకుంటనే మెల్లగ నొప్పి వస్తది. పట్టించుకోకుంటే వేలు వంకరైతది, పెద్దయినంక గూడ గట్లనే ఉంటది.

గందుకే పెరిగే వయసు పిల్లలకు నడిమి గణుపు నొస్తే ఒక్కటే మాట: ఎక్కుడు ఆపాలె, ఎక్స్‌రే తీయించాలె. మొదటి ఎక్స్‌రేల పగులు కనవడకపోవచ్చు. నొప్పి పోకుంటే మళ్ల తీయించాలె, కావాల్నంటే ఎమ్మారై తీయించాలె. మా పిలగానికి గట్లనే అయింది. మొదటి దవాఖానల "బెణికింది" అని గోలీలిచ్చి పంపిన్రు. రెండో డాక్టర్ సూసి పగులున్నదన్నడు.

కాళ్లు గాలిల ఉంచి ఉత్త వేళ్ల బలంతోని చెక్క అంచుల మీద ఎగబాకే క్యాంపస్ బోర్డు అని ఒకటి ఉంటది. 1988ల జర్మనీల వోల్ఫ్‌గాంగ్ గుల్లిచ్ అనే క్లైంబర్ మొదలుపెట్టిండు. అది ఆరితేరిన పెద్దోళ్ల కోసం. బొక్కలు పెరుగుడు ఆగని పోరలు దాని జోలికి పోవద్దు.

అన్ని నొప్పులు ఎక్కుడుతోనే వస్తయని గూడ అనుకోవద్దు. రెండు చేతుల గణుపులు ఉబ్బి, పొద్దుగాల గంటకు మించి బిర్రుగుంటే అది కీళ్లవాతం గావచ్చు, నెత్తురు పరీక్ష చేయించాలె. వేలు ఎర్రగ, వేడిగ ఉబ్బి జరమొస్తే అదే దినం దవాఖానకు పోవాలె.

నొప్పి రాకముందే చేసేటియి గూడ ఉన్నయి. మొదలు మూడు నాలుగు అల్కటి రూట్లు ఎక్కి వేళ్లు వేడెక్కనీయాలె. వీలైన కాడల్లా వేళ్లు చాపి పట్టాలె. భోనగిరి సోంటి ఏటవాలు రాతి మీద బరువు కాళ్ల మీద ఉంచుడు నేర్చుకోవాలె, చేతులతోని గుంజుకునుడు గాదు. వేళ్ల నడుమ ఒక దినం ఇడుపు ఇయ్యాలె. టేప్ చుట్టుడు సాయం జేస్తది గని, టేప్ ఉన్నదని దెబ్బ మీద ఎక్కుడు తప్పు.

ఇప్పుడు అసలు మాట. ఆ పిలగాడు నొప్పి దాచుడు గుట్ట మీద నేర్చుకోలే, ఇంట్ల నేర్చుకున్నడు. వాళ్లమ్మ పత్తి ఏరుతది. వేళ్లు పగిలి నెత్తురొచ్చినా పని ఆపదు, ఎందుకంటే ఆపితే ఆ దినం కూలి రాదు. మన ఇండ్లల్ల ఓర్చుకునుడు గొప్పతనంగాదు, గతిలేనితనం. ఆ గతిలేనితనాన్ని తీసుకొచ్చి ఆటల "పట్టుదల" అని పేరు వెట్టి పోరల మెచ్చుకునుడు అన్యాయం.

గందుకే అడిగేది రెండే. సెలక్షన్ల ముందు ప్రతి పిల్ల వేళ్లు చూడాలె, ముడిపించి, నొక్కి అడగాలె. నొప్పి ఉన్నదని చెప్పిన పిల్ల జాగ, వేలు మానేదాకా, ఖాళీగ ఉంచాలె. చెప్తే పేరు పోతదన్న భయం ఉన్నన్ని దినాలు ఏ పిల్లా చెప్పది.

మా పిలగాడు మూడు నెలలు ఎక్కలేదు. కింద నిలవడి మిగిలినోళ్లకు తాడు వట్టిండు. ఆ ఏడు సెలక్షన్లు పోయినయి, ఏడ్చిండు. ఇప్పుడు మళ్ల ఎక్కుతున్నడు, వేలు నిండా ముడుస్తున్నడు. పోయిన ఆదివారం ఒక చిన్న పిల్ల చెయ్యి ఎనుకకు వెట్టుకొని నిలవడితే, నా కన్న ముందు వాడే పోయి అడిగిండు: "ఏ వేలు నొస్తుందే, సూపెట్టు."